పాన్సిట్‌ని అమ్మ విరిచిన రోజు

నా చిన్నప్పుడు మిషిగన్‌లోని నోవైలో జరిగిన ఈ కథలో సముద్రాలు దాటిన ఓడలున్నాయి, చైనా వర్తకులున్నారు, స్పెయిన్ దొరలున్నారు, మద్రాసులో ఓడెక్కి మళ్ళీ ఇల్లు చేరని సిపాయిలున్నారు, ఒక ముసలావిడ ఆయుష్షు కూడా ఉంది. ఇంత చెప్పాక మీరు నిటారుగా సర్దుకుని కూర్చున్నారేమో, అంత అవసరం లేదు. ఇది మా అమ్మ ఒక శనివారం మధ్యాహ్నం సేమియా వండిన కథ. సిపాయిలు మధ్యలో ఒక్క నిమిషం వచ్చి వెళ్ళిపోతారు. నాకింకా ముప్పై రాలేదు గానీ, మా చెల్లికి కొడుకు పుట్టి నేను పెద్దమ్మనైపోయాను కాబట్టి జ్ఞాపకాలు చెప్పుకునే అర్హత వచ్చేసిందనుకుంటున్నాను.

అప్పటికి మేం నోవై వచ్చి రెండో చలికాలం. నాన్న కార్ల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఆయనతోపాటే ఆఫీసుకి వెళ్ళిపోయేది. అమ్మకి డ్రైవింగ్ రాదు. డ్రైవింగ్ రానివాళ్ళకి ఆ ఊళ్ళో కాళ్ళున్నా లేనట్టే, చలికాలంలో ఆ కాళ్ళు మంచులో కూరుకుపోతాయి కూడా. ఈ దేశంలో అమ్మకి ఉన్న స్నేహబలగమంతా కలిపి ఒక్క మనిషి. పక్కింటి ఫిలిప్పీన్స్ ఆంటీ.

ఆంటీ హాస్పిటల్లో నర్సు. వాళ్ళ స్నేహం చింతపండు దగ్గర మొదలైంది. ఒక ఆదివారం ఏషియన్ స్టోర్‌లో ఇద్దరూ ఒకే చింతపండు ప్యాకెట్టు మీద చెయ్యి వేశారు. మర్నాడు ఆంటీ సినిగాంగ్ అని గిన్నెతో తెచ్చిచ్చింది. చింతపండు పులుపుతో, కూరముక్కలతో పల్చగా ఉంటుంది. అమ్మ రుచి చూసి, "ఇది మన పులుసేనే. పాపం, పోపు వెయ్యడం మర్చిపోయింది," అంది. బదులుగా అమ్మ పంపిన పులుసు తాగి ఆంటీ, ఇది మా సినిగాంగే, పాపం ఆవాలు ఒలికిపోయినట్టున్నాయి అందట. అప్పట్నుంచీ ప్రతి సోమవారం ఆంటీ కారు మా డ్రైవ్‌వేలో హారన్ కొట్టేది, అమ్మ కోటు వేసుకుంటూ పరుగెత్తేది. సరుకులకీ ఆ కారే, లైబ్రరీకీ ఆ కారే, ఊరికే బయటికెళ్ళి నాలుగు మాటలు మాట్లాడుకోవడానికీ ఆ కారే.

ఆంటీ వాళ్ళమ్మని అందరూ లోలా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. ఆ శనివారం లోలా పుట్టినరోజు. ఆంటీ అడోబో ముందురోజే వండేసింది. వెనిగర్‌లో, సోయా సాస్‌లో మగ్గే ఆ చికెన్ ఒకరోజు ఆగితేనే రుచి. పాన్సిట్ మాత్రం ఆరోజే చెయ్యాలి. సన్నటి బియ్యం సేమియా, క్యారెట్, క్యాబేజీ. అంతలో మంచు తుఫాను వల్ల రావలసిన నర్సులు రాలేదని హాస్పిటల్ నుంచి ఫోన్. ఆంటీ సేమియా ప్యాకెట్లు మా అమ్మ చేతిలో పెట్టి, ఎలా వండాలో గుమ్మంలో నిలబడే చెప్పి, పరుగెత్తింది. ఉప్పెంతో చెప్పింది, సాసెంతో చెప్పింది. విరవొద్దని చెప్పలేదు. అన్నం వండమన్నప్పుడు బియ్యం రోట్లో దంచొద్దని ఎవరు చెబుతారు?

మా ఇంట్లో సేమియా అంటే విరవాలి. అమ్మమ్మ విరిచేది, వాళ్ళమ్మా విరిచేదట. అమ్మ కూడా నాతో కబుర్లు చెబుతూ మొత్తం వేలి కణుపంత ముక్కలుగా విరిచేసి, కూరగాయలతో కలిపి శుభ్రంగా వండేసింది.

వాసనకి ఆంటీ కూతురు వచ్చింది. నా క్లాసే. బాణలిలోకి చూసి, "ఓ మై గాడ్! ఆంటీ, కట్ చేసేశారా?" అంది.

"కట్ చెయ్యలేదమ్మా. విరిచాను," అంది అమ్మ, అదేదో మెరుగైనట్టు.

అప్పుడా పిల్ల కళ్ళు పెద్దవి చేసి అసలు సంగతి చెప్పింది. పుట్టినరోజున పాన్సిట్ తినేది ఆయుష్షు కోసం. సేమియా ఎంత పొడవుంటే బతుకంత పొడవు. చైనా వర్తకులు ఫిలిప్పీన్స్‌కి నూడుల్స్ తెచ్చినప్పుడే ఈ నమ్మకం కూడా వాటితోపాటు దిగింది. వడ్డించేటప్పుడు కూడా తెగనివ్వరు. చెప్పాల్సింది చెప్పేసి ఆ పిల్ల ఒక క్యారెట్ ముక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మ స్టవ్ ఆపి కుర్చీలో కూలబడింది. బాణలిలో లోలా ఆయుష్షు పొగలు కక్కుతోంది. కొత్త ప్యాకెట్ కొందామంటే, శనివారమైనా నాన్న ఆఫీసుకెళ్ళారు, కారు లేదు. నాన్నకి ఫోన్ చేస్తే, "నోట్లోకెళ్ళాక ఎవరివైనా ముక్కలే కదోయ్. నేను మీటింగ్‌లో ఉన్నా," అన్నారు.

"ఆ ముక్క మీరొచ్చి ఆ ముసలావిడతో చెప్పండి," అని అమ్మ ఫోన్ పెట్టేసింది. కాసేపటికి నాకేసి చూసి, "పుట్టినరోజు నాడు అశుభం చేశానే. మీ ఆంటీ ఇంక నా మొహం చూడదు. సోమవారం నుంచి నేనెవరితో మాట్లాడాలే?" అంది. అది వింటే నాకూ ఏడుపొచ్చింది. నాతో మాట్లాడొచ్చని చెప్పబోయాను గానీ, నాకు అప్పటికి కార్టూన్ల గురించి తప్ప మాట్లాడ్డం రాదు.

తరవాత అమ్మకొక ఆలోచన వచ్చింది. విరిగిన పాన్సిట్ అంటే అశుభం. అసలు పాన్సిట్టే కాదంటే? లేచి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, పసుపు వేసి, పైన నిమ్మకాయ పిండింది. చూస్తుండగా అది వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకుంది.

సాయంత్రం అడుగులో అడుగు వేసుకుంటూ మంచులో గిన్నె మోసుకెళ్ళాం. చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. ఆంటీ యూనిఫామ్ కూడా మార్చుకోకుండా వచ్చి మూత తీసింది. తీసి, మూత పట్టుకునే నిలబడింది.

"నూడుల్స్ ఏవి?" అంది.

"ఇది ఇండియన్ స్పెషల్, సిస్టర్."

"బాగుంది. నూడుల్స్ ఏవి?"

పథకం అక్కడితో అయిపోయింది. అమ్మ గబగబా వెళ్ళి లోలా కాళ్ళకి దణ్ణం పెట్టింది. లోలా ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కుని చెయ్యి చాపింది. వాళ్ళలో పెద్దల చేతిని నుదుటికి ఆనించుకుంటారు. అమ్మకది తెలియక షేక్‌హ్యాండ్ ఇచ్చేసింది. ఆ చెయ్యి వదలకుండానే, "సారీ అమ్మగారూ, మా ఇంట్లో విరుస్తాం, నాకు తెలీదు," అని, కంగారులో వచ్చిన కాస్త ఇంగ్లీషూ మర్చిపోయి తెలుగులో చెప్పుకుపోతుంటే నేను వెనకాలే ఇంగ్లీషులోకి మార్చాను. ఆంటీ మూత ఇంకా కింద పెట్టలేదు. అదే భయంగా ఉంది.

లోలా ప్లేటులో పెట్టించుకుంది. ఒక చెంచా తిని, నెమ్మదిగా నమిలింది. అందరం ఆవిడ దవడకేసి చూస్తున్నాం.

"మీవాళ్ళు మా వంట పాడుచెయ్యడం ఇది మొదటిసారి కాదు," అంది ఇంగ్లీషులో. అమ్మకది ఎలా చెప్పాలో తెలియక నేను నీళ్ళు నమిలాను. చెప్పు, చెప్పు అన్నట్టు లోలా నాకేసి చెంచా ఊపి, తను పుట్టిన వైపు చెప్పుకునే కథ మొదలుపెట్టింది. పూర్వం ఇంగ్లీషువాళ్ళు మనీలాని పట్టుకున్నప్పుడు మద్రాసు వైపు నుంచి సిపాయిల్ని ఓడల్లో తీసుకొచ్చారట. దొరలు వెళ్ళిపోయారు గానీ కొందరు సిపాయిలు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు. వాళ్ళకి కూర తినాలనిపించేది. మసాలా దినుసులు దొరకలేదు. దొరికిన వేరుశనగతో ఏదో తంటాలుపడి, దానికే కరీ అని పేరు పెట్టుకున్నారు. అదే కారె-కారె. "పాపం, వాళ్ళకది కూరలా అనిపించి ఉండదు. మాకు మాత్రం పండగ వంటైంది," అంది. కారె-కారెని ఎద్దు తోకతో వండుతారన్న సంగతి కూడా చెప్పింది గానీ, అనువాదంలో అది నేను వదిలేశాను.

తరవాత టేబుల్ మీదవన్నీ చెంచాతో చూపించింది. ఆ లుంపియా స్ప్రింగ్‌రోల్స్ చైనావాళ్ళవి. అడోబో మేం ఎప్పట్నుంచో వండేదే, స్పెయిన్‌వాళ్ళు వచ్చి పేరు పెట్టిపోయారు. "ఇది ఈ అమ్మాయిది. కొన్నేళ్ళు తింటే మాదైపోతుంది," అని మళ్ళీ వడ్డించమంది. "పైగా నా కట్టుడు పళ్ళకి ఇదే హాయి. ఆ పొడుగు తీగల్తో ఎన్నాళ్ళని కుస్తీ పట్టను?"

ముందు నవ్వింది ఆంటీయే. నవ్వి, మూత పక్కన పెట్టి, అమ్మ పక్కన కూర్చుంది. సోమవారం పొద్దున హారన్ మోగింది. అమ్మ కోటుకి ఒక్క బొత్తామైనా పెట్టుకోకుండా పరుగెత్తింది.

కారె-కారె పుట్టుక గురించి వేరే కథలు కూడా ఉన్నాయనీ, ఏది నిజమో ఎవరూ తేల్చలేదనీ పెద్దయ్యాక చదివాను. లోలాకి ఆ సంగతి తెలుసేమో. ఆవిడకి ఆ సాయంత్రం అక్కరకొచ్చిన కథ ఆవిడ చెప్పింది. ఆ తరవాత చాలా పుట్టినరోజులు కూడా చేసుకుంది. అది సేమియా మహిమ కాదు. బీపీ మాత్రలు వేళకి వేసుకునేది.

నాకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. మా ఇంటికి ఎవరైనా ఏదైనా వండి తెచ్చి, మొహం చిన్నబుచ్చుకుని మూత తీస్తే, ముందు ఒక ముద్ద తింటాను. అనాల్సిందేమైనా ఉంటే రెండో ముద్ద తరవాత అంటాను. చాలాసార్లు అప్పటికి అనాల్సిన అవసరం ఉండదు.

ఇక బియ్యం సేమియా విరవాల్సి వస్తే, ప్యాకెట్ చింపకముందే విరిచేయండి. చింపాక విరిస్తే ముక్కలు ఎగిరి స్టవ్ కిందికి పోతాయి, వాటిని తియ్యాలంటే స్టవ్ జరపాలి.