గాలానికి గుచ్చని పురుగు

మొన్న విమానాశ్రయం పార్కింగులో నా కారు అద్దం మీద తూనీగ వాలింది. చూడగానే, తొంభైలలో ఆ దగ్గర్లోనే ఉన్న సాతంరాయి ఊరి వాగులో మా మేనత్త నాకు చేపలు పట్టడం నేర్పిన పొద్దున గుర్తొచ్చింది. అప్పుడు నేను మూడో తరగతి.

అత్త నీళ్లలో రాళ్లెత్తి, వాటి కింద పాకే గోధుమరంగు పురుగులను ఏరేది. వాటిని గాలానికి గుచ్చి, నీటి అడుగునే గాలాన్ని కొట్టుకుపోనిచ్చేది.

"దారం ఆగిందంటే చేప నోట్ల వెట్టుకున్నట్టే. అప్పుడు గుంజాలె," అంది. "ఇగ నువ్వు గుచ్చు."

నేను పట్టుకున్న పురుగు వేళ్ల మధ్య నుంచి జారి, ఒడ్డున జమ్ము ఆకు మీదికి పాకి, కదలకుండా ఉండిపోయింది. ఇంకోటి వెతికి వచ్చేసరికి దాని వీపు నిలువునా పగిలి ఉంది. గట్టిగా నొక్కి చంపేశాననుకుని ఏడుపందుకున్నాను.

"ఏందే, ఏమైంది?" అంటూ అత్త వంగి చూసి, అలాగే ఆగిపోయింది.

పగులులోంచి మెత్తటి తల వచ్చింది. తర్వాత నలిగిన గుడ్డపీలికల్లాంటి రెక్కలు. ఎండ తగిలేకొద్దీ అవి సాగి, గాజులా మెరిశాయి. ఇద్దరం ఒడ్డునే కూర్చుని చాలాసేపు చూశాం. ఖాళీ పొట్టును ఆకుకే వదిలేసి తూనీగ ఎగిరిపోయింది.

"గిన్నేండ్ల సంది గుచ్చుతున్న," అంది అత్త, గొంతు తగ్గించి. "గివే తూనీగలైతయని నాకు ఎర్కలేదు బిడ్డా."

పెద్దవాళ్లకూ తెలియనివి ఉంటాయని, తెలిసిన క్షణాన వాళ్ల ముఖం పసిపిల్లలదవుతుందని ఆ రోజే చూశాను. ఆ తర్వాత అత్త గాలానికి వానపాములనే గుచ్చింది.