అన్నయ్య చెరిపేసిన ఫోన్

మా జెరాక్స్ షాపు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అన్నయ్య ఉంటాడు. తోడబుట్టినవాడేం కాదు, పదేళ్లుగా ఒకే చెక్క గోడకు అటూ ఇటూ బతుకుతున్నాం. ఎదురుగా కాలేజీ. అద్దం పగిలిన ఫోన్ పట్టుకుని పిల్లలు ప్రాణం పోతున్నట్టు పరిగెత్తుకొస్తారు. "కంగారు పడకు, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది" అంటాడు. ఫోన్ మొత్తం చెరిపేయాల్సి వస్తే మాత్రం, "అందులోవన్నీ వేరేచోట దాచుకున్నావా?" అని మూడుసార్లు అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. అంత చాదస్తం.

ఆయన కూతురిదీ అదే కాలేజీ. తల్లి పోయి రెండేళ్లు. నిరుడు ఎవరో ఆ పిల్ల ఫొటో క్లాసు గ్రూపులో పెట్టి, ఎత్తు పళ్ల మీద వెటకారం రాశారు. నూట నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్ల చేతులు పడిపోను! పిల్ల కాలేజీ మానేసింది, తిండి మానేసింది. షాపు వెనక గదిలో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేది.

"రోగమంతా ఆ దిక్కుమాలిన ఫోన్‌లోనే ఉందమ్మా" అన్నాడు అన్నయ్య ఒక మధ్యాహ్నం. పిల్ల స్నానానికి వెళ్లగానే ఫోన్ తెచ్చి, నా కళ్లముందే మొత్తం చెరిపేశాడు. దాచుకున్నావా అని అడగాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. పైగా, మంచి పని చేశావన్నాను.

పిల్ల తడిజుట్టుతో వచ్చి ఫోన్ చూసుకుంది. అరవలేదు.

"అమ్మ వాయిస్ మెసేజ్‌లు ఇందులోనే ఉన్నాయి నాన్నా. అవి వింటుంటేనే నాకు కాస్త ఊపిరాడేది."

భార్య ఫోన్‌లోనైనా ఉంటాయనుకుంటే, దాన్ని ఆమె పోయిన నెలకే అన్నయ్య చెరిపేసి అమ్మేశాడు. తనకొచ్చిన విద్యంతా వాడాడు, తెలిసిన మెకానిక్‌లందరినీ బతిమాలాడు. ఒక్క మాటా తిరిగి రాలేదు.

వారం తర్వాత పిల్ల షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. గోడ ఇవతల నేను కాగితాలు సర్దుతున్నాను.

"నాన్నా, అమ్మ నన్నెలా పిలిచేది? సరిగ్గా గుర్తు రావట్లేదు. ఒకసారి అను."

అన్నయ్య స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "బుజ్జమ్మా, తిన్నావా" అన్నాడు.

"అలా కాదు."

ఈసారి గొంతు సన్నగా చేసుకుని అన్నాడు.

"అలా కాదు నాన్నా" అంది పిల్ల, ఏడుస్తూ. ఆయన మళ్లీ అన్నాడు.