దూత కోసం విడిచిన జాగా

నిన్న ఉప్పల్ మెట్రోలో ఒక తండ్రి కొత్త యూనిఫాం వేసుకున్న కూతుర్ని సీట్లో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడ్డాడు. నాకు నాచారం కాన్వెంట్ బడిలో రెండో తరగతి మొదటి రోజు గుర్తొచ్చింది.

ప్రార్థన కాగానే సిస్టర్ అన్నారు: "ఒక్కొక్కరి పక్కన దేవుడు పంపిన కావలి దూత ఉంటడు. ఆయనకు జర జాగ ఇడిసి కూసోన్రి."

అందరం సర్దుకుని కూర్చున్నాం. అంతలో వానకు తడిసి ఒక కొత్త పిల్ల వచ్చింది. నా బెంచీ మీద దూత జాగా తప్ప ఖాళీ లేదు.

"ఆమెను కూసోనియ్యి బిడ్డా. దూత నిలవడతడు తియ్యి," అన్నారు సిస్టర్.

ఆ రోజంతా పాఠం తలకెక్కలేదు. నా వెనక ఆయన నిలబడే ఉన్నాడని వెనక్కి తిరిగి చూడటానికి కూడా భయమేసింది.

సాయంత్రం నాన్న ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర షిఫ్టంతా నిలబడి ఇంటికొచ్చి, గడపలో చెప్పులు విప్పుతున్నాడు.

"నాయినా, పొద్దంతా నిలవడితే కాళ్లు గుంజుతయా?" అని అడిగాను.

నాన్న చెయ్యి ఆగిపోయింది. "అలవాటైతది బిడ్డా," అన్నాడు.

దూత గురించి దిగులు తీరి, నేను ఆటకు పరిగెత్తాను. వెనక నాన్న అమ్మతో చెబుతున్నాడు: "సూసినవా, బిడ్డ నా కాళ్ల గురించి అడిగింది."

ఆ మాట ఆయన చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. అడిగింది ఎవరి కాళ్ల గురించో నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.