వించాయన భార్యను ఆకాశానికి పంపిన వైనం

గ్లైడర్లనే ఇంజన్ లేని చిన్న విమానాలను పొడవాటి ఉక్కుతాడుతో లాగి గాలిలోకి లేపే యంత్రాన్ని వించ్ అంటారు. మా గడ్డి రన్‌వే కొసన దాన్ని నడిపే మనిషిని వించాయన అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఎందర్నో పైకి పంపిన ఆయన, భార్య అడిగినప్పుడల్లా గాలి బాగాలేదనేవాడు. అరవయ్యో పుట్టినరోజున ఆవిడ అడగడం మానేసి, నేరుగా వెళ్లి పైలట్ వెనక సీట్లో కూర్చుంది.

వించాయన పసిపాప ఉయ్యాల ఊపినంత మెత్తగా తాడు లాగాడు. మెత్తగా లాగడమే ఈ పనిలో ప్రమాదమని కొత్తవాళ్లకు బోధించేది ఆయనే. గ్లైడరు ఇంటికప్పు ఎత్తు లేచింది. వేగం చాలక పైలట్ తాడు వదిలేసి, ఎదురుగా ఉన్న గడ్డి మీదే దించేశాడు.

ఆవిడ సీట్లోంచి లేవకుండానే ఫోన్ చేసింది.

"పక్కింటావిణ్ణి మబ్బుల్లోకి పంపారు. నన్నేమో గడ్డి మీద షికారు తిప్పారు. ఇంకోసారి లాగండి, సరిగ్గా."

"భయంగా ఉందే."

"మీకెందుకండీ భయం? కూర్చున్నది నేను కదా."

రెండోసారి గ్లైడరు ఝామ్మని లేచి, అరగంట తిరిగి, క్షేమంగా దిగింది.

"ఈసారి బాగానే లాగారే," అంది ఆవిడ అనుమానంగా.

"లోపల మీ అన్నయ్య కూర్చున్నాడనుకున్నాను," అన్నాడు వించాయన.