కెప్టెన్ నాన్నగారు నిలబడిన వైపు

మొన్న ఆదివారం మధురవాడలో మనవరాలు చదివే కాలేజీకి బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాను. వాళ్ల జట్టు బాగా వెనకబడిపోయింది. సగం ఆటయ్యేసరికే చూసేవాళ్లంతా బళ్లు స్టార్టు చేసుకుని వెళ్లిపోతే, ఆ ఆడపిల్లలు మిగతా సగం ఖాళీ కుర్చీల మధ్యే ఆడారు. అది చూస్తుంటే డెబ్బైల చివర్లో మా కాలేజీ కోర్టూ, అక్కడ మాతో కూర్చున్న ఒక పెద్దాయనా గుర్తుకొచ్చి, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

మాది ఆనందపురం దగ్గర పల్లె. నేనూ, మా మేనమామ కొడుకూ విశాఖపట్నంలో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకునేవాళ్లం. బావ కాలేజీ జట్టులో ఉండేవాడు గాని ఎప్పుడూ బెంచీ మీదే. జట్టుకి ప్రాణమంతా కెప్టెన్. అతని నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ డ్రైవరుగా స్థిరపడ్డ మనిషి. డ్యూటీ దిగి, బట్టల మీది ఇనప ఖనిజం ఎర్రదుమ్మైనా దులుపుకోకుండా కొడుకు ఆట చూడ్డానికి వచ్చేసేవారు.

ఒక వేసవిలో, పరీక్షలైపోయిన మధ్యాహ్నం, కెప్టెన్ స్నేహితులతో సముద్రంలోకి దిగాడు. కెరటం లాక్కుపోయింది. మర్నాడు పొద్దున్న జాలర్లు ఒడ్డుకు తెచ్చారు. ఈ ఊళ్లో చదువుకున్న మన తరం వాళ్లలో అలాంటి ఒక ముఖం గుర్తులేనివాళ్లు తక్కువ.

కాలేజీ తెరిచాక అతని స్థానంలో, పొట్టివాడైనా, బావనే ఆడించారు. మొదటి మ్యాచ్ రోజు మేం సిమెంటు మెట్ల మీద కూర్చుని ఉండగా కెప్టెన్ నాన్నగారు వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. బావ ఆయన్ని చూశాడు. ఆ తర్వాత వాడి చేతిలో బంతి నిలవలేదు. ఆ మ్యాచ్ ఓడిపోయాం, దాని తర్వాతదీ ఓడిపోయాం. ఒకసారి పై మెట్ల మీంచి ఎవడో “సాల్లెండ్రా, ఇళ్లకి పోండి” అని అరిస్తే, పెద్దాయన వెనక్కి తిరిగి మెల్లగా, “ఆడనివ్వండి బాబూ. ఇంకా టైముంది కదండీ” అన్నారు.

ఆ రోజు నుంచి ఆఖరి ఈల పడేదాకా మెట్ల మీంచి ఒక్కడూ లేవలేదు. ఓడిపోతామని తెలిసే వచ్చేవాళ్లం, వానలో తడుస్తూ కూడా కూర్చునేవాళ్లం. జట్టంటే మాకెంత అభిమానమో అని లెక్చరర్లు మెచ్చుకునేవారు గాని, నిజానికి ఆయన్ని ఒంటరిగా వదిలి లేవడానికి మాకు మనసొప్పేది కాదు.

బావ మాత్రం చిక్కిపోయాడు. ఒకరోజు గదిలో గోడకేసి చూస్తూ, “నాను మానేత్తాను బావా. ఆయన అక్కడ కూకుంటే నా కాళ్లు కదల్డం లేదు” అన్నాడు. ఆ మాటేదో ఆయనకే చెప్పమని, మర్నాడు సాయంత్రం నేనే పోర్టు క్వార్టర్సుకి తీసుకెళ్లాను. కెప్టెన్ తల్లి తలుపు తీసి, బావ కాళ్లకున్న, కొడుకు వేసుకునేలాంటి కాన్వాసు బూట్ల వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయన బయటికొచ్చారు. బావ తల వంచుకుని, “మీరు కనపడతంటే ఆడలేకపోతన్నానండీ” అన్నాడు.

ఆయన వెనక తలుపు దగ్గరికి వేశారు. “సరే బాబూ, నీకు కనపడని వైపుంటాను. రావద్దని మాత్రం అనకు. ఆ వేళకి ఇంట్లో ఉండలేకపోతున్నాను” అన్నారు.

తర్వాతి మ్యాచ్‌కి ఆయన మెట్లు వదిలేసి, బావ వీపు ఉండే వైపు, మా జట్టు కాపాడుకునే బోర్డు వెనకాల గోడవారగా నిలబడ్డారు. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారితే, తనూ మెల్లగా నడుచుకుంటూ అవతలి బోర్డు వెనక్కి వెళ్లారు. మేమూ మెట్లు దిగి ఆయన వెనకే నడిచాం. మరి ప్రతి మ్యాచ్‌కీ అంతే. బావ ఆట కుదుటపడింది గాని ఓటమి తప్పలేదు.

మరుసటి ఏడు చివర్లో ఒక మ్యాచ్ గెలిచాం. ఆ రోజు డ్యూటీ మారి ఆయన రాలేకపోయారు. బావ చెమట బట్టలతోనే సైకిలెక్కి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని క్వార్టర్సు దాకా ఆగకుండా తొక్కాడు. ఆయన అప్పుడే వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నారు. విని, బావ భుజం మీద తడి చెయ్యి వేసి, “మంచిది బాబూ” అన్నారు. లోపల ఆవిడ ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఆయన మరి కోర్టుకి రాలేదు. ఎందుకని మేం అడగలేదు. ఓడిపోతున్నంత కాలం కొడుకు లేని లోటు ఆ జట్టులో కనిపించేదేమో, గెలిచాక అదీ పోయిందేమో అని చాలా ఏళ్ల తర్వాత తోచింది. బావతో మాత్రం ఆ మాట అనలేదు. రిటైరై ఆ దంపతులు గోదావరి వైపు వెళ్లిపోయారని ఎవరో చెప్పగా విన్నాం.

ఆ కోర్టు మీద ఇప్పుడు తరగతి గదులు లేచాయి. బావ అచ్యుతాపురంలో కొడుకు దగ్గరుంటున్నాడు. ఫోన్లో ఒంట్లో నొప్పుల గురించి తప్ప మాట్లాడుకోం. ఈ కాలం పిల్లలు మనకంటే చురుకైనవాళ్లు, వాళ్లను తప్పుపట్టను. కాని దుఃఖంలో ఉన్న మనిషి పక్కన, ఏ మాటా తోచకపోయినా, లేచి వెళ్లిపోకుండా కూర్చోవడం మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అది ఈ ఊళ్లోంచి ఎప్పుడు పోయిందో, పోతున్నప్పుడు మనమెవరమూ గమనించలేదు.