లారీ వెనక అమెరికా గ్లాసు

సాలూరు లారీలు ఘాట్ రోడ్డులో బోల్తా పడ్డాయని మీరు వినే ఉంటారు. కదలకుండా నిలబడ్డ లారీని, ఇంజను కూడా స్టార్టు చేయకుండా, ఒక్క కుంచెతో బోల్తా కొట్టించినవాణ్ణి నేను. ఆ ఘనతలో ఒక అమెరికా నవలాకారుడికీ వాటా ఉంది. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టేసి లారీలకు బొమ్మలు వేసే మేస్త్రి దగ్గర పనిలో చేరాను. మా ఆవిడ పార్వతి ఇంటరు పాసు. లైబ్రరీ నుంచి ఆ అమెరికా ఆయన నవలలు, తెలుగులోకి వచ్చినవి, తెచ్చి నేను అన్నం తినేటప్పుడు చదివి వినిపించేది. ఆయన పేరు చెబుదామంటే నా నాలుక సాలూరు దాటదు, క్షమించండి.

ఒక నవలలో నూలు మిల్లు. తెల్లవాళ్లంతా లోపల పీపా దగ్గర నీళ్లు తాగుతారు. మూటలు మోసే నల్లవాళ్లకు మాత్రం గుమ్మం బయట మేకుకు వేలాడే రేకు గ్లాసు. కథ పొడుగునా అది గాలికి గోడకు తగిలి టింగుమంటూ ఉంటుంది. యజమాని కూతురి పెళ్లిలో, బ్యాండు మోతలో కూడా వినిపిస్తుంది.

"ఇంతకీ ఆళ్లు తిరగబడ్డారా నేదా?"

"నేదు మావా. గ్లాసే మోగింది."

"అన్నేయం అని ఒక్క ముక్కా రాయనేదేటి?"

"రాయడమెందుకు, గ్లాసు సూపించినాడు కదా. దాన్నే ప్రతీక అంటారు. ముందు తిను, అన్నం సల్లారిపోతన్నాది."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంకో నవలలో ఒక మేడ. ముందు మెట్లు అద్దంలా మెరుస్తుంటాయి. పనివాళ్లు ఎక్కే వెనక మెట్లు మాత్రం అరిగి అరిగి గుంటలు పడి, వానొస్తే చెరువులవుతాయి. అంతే, ఇంకేం చెప్పడు. నేను వేసిన పులులన్నీ వరసగా నిలబెడితే ఒడిశా దాకా పోతాయి, ఒక్కటీ గుర్రుమనలేదు. ఆయన రేకు గ్లాసు సముద్రాలు దాటొచ్చి మా వంటింట్లో మోగింది. మనిషా, మాంత్రికుడా?

సరిగ్గా అప్పుడే, మేం పనిచేసే లారీ షెడ్డు షావుకారు కొత్త లారీ కొన్నాడు. మా మేస్త్రికి చెయ్యి వాచిపోవడంతో మొదటిసారి బండి మొత్తం నా ఒక్కడికే అప్పగించారు. మర్నాడు పొద్దున్నే పూజ. బొమ్మ బాగా వస్తే నేను పెయింటర్ని, చెడితే జన్మంతా డబ్బాలు కడిగేవాణ్ణి.

"ఎనకాల నీకిష్టమైంది ఎయ్యరా" అన్నాడు షావుకారు.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఒక తంటా. అమెరికా నవల విన్న కోతికి దొరికితే ఏమవుతుందో చూడండి. పొద్దంతా కూర్చుని వెనక తలుపు నిండా రేకు గ్లాసు వేశాను. తుప్పు పట్టిన మేకు, గోడ మీద నీడ. దూరం నుంచి చూసుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

సాయంత్రం షావుకారు వచ్చాడు. లోడు దింపుతున్న కళాసీలు కూడా మూటలు దించి మూగారు.

"ఏట్రా ఇది?"

"గ్లాసు బాబూ."

"నాకూ కళ్లున్నాయిరా. ఓట్లొస్తన్న టైములో నా బండి మీద పార్టీ గుర్తేస్తావా? అందరికీ దండమెట్టి బతుకుతన్నోణ్ణి. రేపు మిగతా పార్టీలోళ్లు నాకు సరుకిస్తారేట్రా? కుంచె కింద పెట్టి నడు."

నా పెయింటరు జన్మ పుట్టిన రోజే పోయేలా ఉంది. "పార్టీది కాదు బాబూ, ప్రతీక."

"అదేటి పార్టీరా, కొత్తగా ఎట్టినారా?"

కళాసీల్లో పెద్దవాడు సింహాచలం మావ నవ్వాడు. "సెప్పనీండి బాబూ. ఆడి పెళ్లాం సదువు ఆడికి అంటుకున్నాది."

ఇక ఆగుతానా? టైరెక్కి మిల్లు, పీపా, మేకు, అన్నీ చెప్పాను. "మూటలన్నీ ఆళ్లే మొయ్యాల బాబూ. దాహమేస్తే మాత్రం గుమ్మం బయట గ్లాసు. లోపలికెళ్తే కుండ మైలపడిపోద్దేటి? ఇలాటి అన్నేయం మన కాడ ఎక్కడైనా ఉన్నాదేటి, మీరే సెప్పండి."

సింహాచలం మావ మెడ మెల్లగా ఆఫీసు గది వైపు తిరిగింది. ఆ వెనక కళాసీల మెడలన్నీ తిరిగాయి. ఆఖరికి నాదీ తిరిగింది.

గుమ్మం బయట మేకు. మేకుకు సత్తు గ్లాసు. కళాసీల గ్లాసు. డ్రైవర్లకూ నాకూ లోపల కుండ దగ్గర స్టీలు గ్లాసులు. రోజూ దాన్ని భుజంతో రాసుకుంటూ లోపలికెళ్లి నీళ్లు తాగొచ్చేవాణ్ణి. కొండను తవ్వి ఎలుకను పట్టడం మీరు విన్నారు. నేను ఎలుక కోసం గోకితే కొండే మీద పడింది.

గాలి వీచింది. గ్లాసు గోడకు తగిలి టింగుమంది. సాలూరు తూర్పో పడమరో తెలియని ఆ మహానుభావుడికి మా ఆఫీసు గుమ్మం పక్క మేకు ఎలా తెలిసింది?

షావుకారు దగ్గరకొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. అంత మెత్తటి గొంతు ఆయనకుందని ఆ రోజే తెలిసింది.

"ఒరే, పార్టీ గుర్తనే సెప్పరా."

ఈలోగా సింహాచలం మావ గ్లాసు మేకు నుంచి తీసుకుని, గుమ్మం దాటి, కుండ పక్కన పెట్టాడు. స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచుకుని నింపాదిగా తాగాడు. షావుకారు ఆకాశం చూశాడు. మావ మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇన్నాళ్లూ లోపలోళ్లు ఏటి తాగేస్తన్నారో అనుకున్నాన్రా. అయే నీళ్లు."

షావుకారు నన్ను తరిమెయ్యలేదు. తరిమితే కథ ఊరంతా తెలుస్తుందిగా. చీకటి పడేలోగా గ్లాసు మీద పులి వేయించాడు. మర్నాడు పూజలో సింహాచలం మావ ఆ పులిని తేరిపార చూసి, "అల్లుడా, దీనికి దాహమేస్తన్నట్టున్నాదిరా" అన్నాడు. సత్తు గ్లాసు మళ్లీ మేకెక్కలేదు.

అందుచేత పైడితల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పులిని వేస్తే పులి అనే చెబుతాను. అన్నం తింటూ అమెరికా నవల వినను. పెద్దల మేడలకు రంగులు వేయమని ఎవరు పిలిచినా పోను. పోతే, ముందు మెట్లు వదిలేసి వెనక్కి వెళ్లి చూస్తాను.