మా నాన్న సైకిలుకి వేసిన తాళం

మైకు పట్టుకుని నలుగురికీ నీతులు చెప్పబోయి, ఆ నలుగురి ముందే నా పరువు నేనే తీసుకున్న కథ ఇది. నవ్వొస్తే నవ్వండి, జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్ళు మండుతుంది. పదేళ్ళయినా సరే, తలుచుకుంటే అప్పటి నన్ను పట్టుకుని రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

అప్పుడు నేను జంషెడ్‌పూర్‌లో ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కింద సేఫ్టీ సూపర్‌వైజర్ని. కొత్త ఉద్యోగం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త సేఫ్టీవాడు ఇల్లెరగడు. గ్యాసు పొయ్యి వెలిగించేటప్పుడు హెల్మెట్ పెట్టుకోమని మా అమ్మ వెంటపడేవాణ్ణి. "నీ టోపీ నువ్వెట్టుకో, పోపు మాడిపోతంది" అని ఆవిడ గరిటె చూపించేది.

మా నాన్న అదే ఊళ్ళో నలభై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే బర్మామైన్స్‌లోని మా ఇంటినుంచి గోల్‌మురి బజారుకి సైకిలు మీద వెళ్ళి, పాత నేస్తాలతో టీ తాగి, కూరలు పట్టుకొచ్చేవాడు. ఒకరోజు స్పీడ్‌బ్రేకర్ దగ్గర పడి మోకాలు చెక్కుకుపోయింది. ఎముకలన్నీ సలక్షణంగానే ఉన్నాయి. అయినా నాలోని అధికారి ఊరుకుంటాడా?

మా ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. యంత్రాన్ని బాగుచేసేటప్పుడు పొరపాటున ఎవరూ నడపకుండా దానికి తాళం వేసి, ఎర్ర చీటీ కడతాం. చీటీ మీద తాళం వేసినవాడి పేరుంటుంది. వాడు తప్ప ఇంకెవడూ ఆ తాళం తీయకూడదు. తీస్తే లోపల పనిచేసేవాడి ప్రాణం పోతుంది. నేను సరిగ్గా అలాంటి తాళం, అలాంటి చీటీ తెచ్చి మా నాన్న సైకిలుకి వేశాను! "ప్రమాదం. మరమ్మతులో ఉంది. నడపరాదు. ఇట్లు, సూరిబాబు."

"ఏట్రా ఇది?" అన్నాడు నాన్న.

"షట్‌డౌన్. మోకాలు మానీదాకా."

"మరి కూరలెవుడు తెత్తాడు?"

"అరే ఛోడియే, ఒగ్గీ నాన్నా, నేను తెత్తాను. ఈ వయసుల నువ్వు కూకొని తిను."

మోకాలు పదిరోజుల్లో మానింది. తాళం సంగతి నేను శుభ్రంగా మరిచిపోయాను. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మూడు నెలలు అలా కూర్చునే ఉన్నాడు. పాదాలు వాచాయి. పెరట్లోకి వెళ్ళాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. "మీ నాన్న కాళ్ళు సచ్చుబడిపోతన్నాయిరా" అని అమ్మ మొత్తుకుంటే, వయసు మీదపడుతోందిలే అన్నాను. ఆ మాటన్న నోటిని ఏం చేయాలో మీరే చెప్పండి.

ఇంతలో మా తెలుగు సంఘంవాళ్ళు పెద్దవాళ్ళకోసం ఆరోగ్యసభ పెట్టారు. సేఫ్టీవాడు కదా, బాగా అరుస్తాడని మైకు నాకిచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట తాళం వేసి రచ్చకెక్కాను. పైగా కొడుకు గొప్పతనం చూడాలని నాన్నను మోటార్‌సైకిలు మీద తీసుకెళ్ళి మొదటివరసలో కూర్చోబెట్టాను!

"కూర్చుంటే తుప్పు పట్టిపోతారు! రోజూ నడవండి! సైకిలు తొక్కండి! పదిమందితో కలవండి!" అని తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుతూ ఊగిపోయాను. చప్పట్లు మోగాయి.

నాన్నతో రోజూ టీ తాగే అప్పలస్వామి మావ లేచాడు.

"బాగా సెప్పినావురా సూరీ. ఇయ్యన్నీ మీ నాన్న రోజూ సేసీవోడే కదా. మూడు నెల్లయి ఎందుకు అగపడ్డం నేదు?"

నేను నోరు తెరిచేలోపే నాన్న జవాబు చెప్పాడు. "సైకిలు షట్‌డౌన్ల ఉంది."

"తాళం ఎవుడేసినాడు?"

"ఆ మైకు పట్టుకున్నోడే."

హాల్లో సగంమంది రిటైరైన కార్మికులే. విషయం అర్థమయ్యాక వాళ్ళు చేసిన గోలకి మైకు దండగ. నేను ఊరుకోవాలా? ఊరుకుంటే నేనెలా అవుతాను!

"ఒక్క మాట సెప్తే తీసీవోణ్ణి కదా నాన్నా! నేదంటే సుత్తట్టుకుని ఒక్కటేత్తే ఊడిపోద్ది కదా!"

నాన్న కుర్చీ చేతులు పట్టుకుని, వణికే కాళ్ళమీద లేచాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అంత కోపంగా నేను చూడలేదు.

"ఒకడేసిన తాళం ఇంకోడు ఇరగ్గొట్టడమా? నలబై ఏళ్ళల్లో ఒక్క పాలి సెయ్యనేదు. అందుకే ఇయ్యి పదీ ఉన్నాయి!" అని పదివేళ్ళూ చాచాడు. "తాళం ఏసినోడు షిఫ్టు షిఫ్టుకీ వచ్చి సూసుకోవాల. అదీ రూలే. నువ్వెన్ని షిఫ్టులు వచ్చి సూసినావురా? మిషన్ల మీదెట్టిన సూపు ఒక్కపాలి నా కాళ్ళ మీదెట్టినావా?"

నేను మైకు కింద పెట్టేశాను.

"తాళంచెవేదిరా?" అన్నాడు అప్పలస్వామి మావ. ఇందాకటినుంచి నేను తిప్పుతున్న గుత్తిలోనే ఉంది.

సభ అక్కడితో రద్దు. నాన్నని ఆటో ఎక్కించి, మిగతా పెద్దలంతా మా ఇంటికి దండెత్తారు. నేను తాళం తీసి, చెవితో సహా నాన్నకిచ్చాను, టైర్లకి గాలి కొట్టాను, తుప్పుపట్టిన చైనుకి నూనె వేశాను. వాళ్ళు చుట్టూ నిలబడి, నూనె అయిపోయేదాకా తిట్టారు. నాన్న కొన్నాళ్ళు సైకిలు పట్టుకుని నడిచాడు. నెల తిరిగేసరికి ఎక్కాడు.

ఎక్కిన రోజు పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరితే నా మోటార్‌సైకిలు చక్రానికి అదే తాళం! అదే ఎర్ర చీటీ! వెనకవైపు నాన్న దస్తూరీ: "ప్రమాదం. పొట్ట మరమ్మతులో ఉంది. నడపరాదు."

"నాన్నా! డ్యూటీకి లేటవుతంది, తాళంచెవియ్యి!"

"నడువు. నడవండి నడవండని మైకుల సెప్పినావు కదా."

"ఎన్నాళ్ళు?"

"బెల్టు రెండు కన్నాలు లోపలికెళ్ళీదాకా. బెంగెట్టుకోకు, నీలాగ మరిసిపోన్లే. షిఫ్టు షిఫ్టుకీ వచ్చి సూత్తాను" అని బెల్లు కొట్టుకుంటూ గోల్‌మురి వైపు వెళ్ళిపోయాడు. అన్నమాట ప్రకారం రోజూ సాయంత్రం అమ్మ కుట్టుమిషను టేపు తెచ్చి నా పొట్ట కొలిచాడు కూడా.

కాబట్టి మహాజనులారా, అప్పలస్వామి మావ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరి సైకిలుకి తాళం వేయను. మైకు ముట్టుకునే ముందు నా తాళంచెవుల గుత్తి వెతుక్కుంటాను. ఇంకా చాలా ప్రమాణాలున్నాయి గానీ టైము లేదు, డ్యూటీకి నడిచి వెళ్ళాలి. డెబ్బై దాటి ఇప్పటికీ సైకిలు దిగని మా నాన్న మొన్న సోమవారం నా బండికి మళ్ళీ తాళం వేశాడు.